రాత ఆగిపోయినప్పుడు చిట్టా తెరవండి: బ్లాగు రాసేవారికి సమగ్ర మార్గదర్శి

మా నాన్న గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా పనిచేశారు. సీజన్‌లో రాత్రి పదింటికి గాని ఇంటికొచ్చేవారు కాదు. చొక్కా నిండా మిర్చి ఘాటు ఉండేది. ఆయన పనంతా రెండు పుస్తకాల మీద నడిచేది: చిట్టా, ఆవర్జా. ఏ రైతు ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడు, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారు, హమాలీలకు ఎంత పోయింది, అన్నీ జరిగిన వరసలో ఆ రోజే చిట్టాకెక్కేవి. తర్వాత తీరిగ్గా కూర్చుని, ఏ పద్దు ఎవరి ఖాతాలో పడాలో చూసి ఆవర్జాలోకి ఎక్కించేవారు. చిట్టా రాసే వేళ లెక్క కుదిరిందా లేదా అని ఆలోచించేవారు కాదు. "ముందు చిట్టాకెక్కనీ, లెక్క తర్వాత చూద్దాం" అనేవారు.

నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, వంటల గురించి, మా వైపు పాత ఇళ్ళ గురించి బ్లాగు రాస్తాను. ఒకసారి నాలుగు నెలలపాటు ఒక్క పోస్టు కూడా పూర్తి చేయలేకపోయాను. డ్రాఫ్టుల్లో పదకొండు శీర్షికలు పడి ఉన్నాయి. ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు, అంతే. లాప్‌టాప్ తెరవాలంటేనే టెన్షన్. రైటింగ్ జర్నల్ పెట్టుకుంటే రాత మళ్ళీ వస్తుందని చాలాచోట్ల చదివాను. రెండుసార్లు మొదలుపెట్టి వారంలోపే మానేశాను. జర్నల్ అంటే అందంగా రాసుకోవాల్సిన డైరీ అని నా మనసులో ఉండిపోయింది మరి. ఇంటర్‌లో కామర్స్ చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ పాఠ్యపుస్తకాల్లో జర్నల్ అన్నదానికి తెలుగు మాట చిట్టాయే. ఆ సంగతి తట్టిన రోజు నుంచి నాన్న కొట్లో రాసినట్టుగా నా పుస్తకం రాయడం మొదలుపెట్టాను. ఆరు వారాల్లో మొదటి పోస్టు బయటికొచ్చింది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మీరు ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో రోజూ ఒక పద్దుగా రాసుకుంటే, రాయాల్సిన తర్వాతి పోస్టు ఆ పద్దుల్లోనే దొరుకుతుంది. అది ఎలా చేయాలో మెట్టు మెట్టుగా చెబుతాను.

మొదటి మెట్టు: పుస్తకం

స్టేషనరీ కొట్లో దొరికే 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. గీతలున్నది తీసుకోండి. ఖరీదైన తోలు అట్ట డైరీ మాత్రం కొనొద్దు. అలాంటిదాంట్లో మొదటి వాక్యం నుంచే బాగా రాయాలనిపిస్తుంది, చెయ్యి బిగుసుకుపోతుంది. బడిలో మనందరికీ రఫ్ నోట్సు ఒకటి ఉండేది. దాంట్లో లెక్కలు, బొమ్మలు, పక్కవాడితో రాతల్లో కబుర్లు అన్నీ ఉండేవి. మీకు కావాల్సింది అలాంటి పుస్తకం.

కొన్న రోజే రెండు పనులు చేయండి. ప్రతి పేజీకీ నంబరు వేయండి. చివరి 20 పేజీలు మడతపెట్టి వదిలేయండి, అది ఆవర్జాకు. పేజీ నంబర్లు ఎందుకో ఆరో మెట్టు దగ్గర తెలుస్తుంది, ఇప్పుడు విసుగనిపించినా వేసేయండి.

ఫోన్‌లో రాసుకోవచ్చా అని అడుగుతారు. దారిలో ఏదైనా తట్టినప్పుడు ఫోనే దిక్కు. జీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, మెట్రోలో నిలబడి కూడా రెండు వాక్యాలు చెప్పేయొచ్చు. కాకపోతే ఫోన్ తెరిస్తే వాట్సాప్ కూడా తెరుచుకుంటుంది. పైగా తెర మీద రాసింది చెరిపేయడం మరీ సులువు. అందుకని ఫోన్‌లో పడింది ఏదైనా రాత్రికి ఒక్క వాక్యంగా పుస్తకంలోకి ఎక్కించండి. చేత్తో రాయడం అస్సలు కుదరనివాళ్ళు కంప్యూటర్‌లో ఒకే ఒక ఫైలు పెట్టుకుని, తేదీ వేసుకుంటూ కిందికి రాసుకుపోండి. రోజుకో కొత్త ఫైలు తెరిస్తే రోజుకో కొత్త ఖాళీ పేజీ ఎదురవుతుంది.

ఏ భాషలో రాయాలన్నది ఆలోచించకండి. వ్యావహారిక భాష కోసం నిలబడ్డ గురజాడ అప్పారావు సైతం డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసుకున్నారు. మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగు, ఆఫీసు ఇంగ్లీషు, మధ్యలో హిందీ, ఏది ముందొస్తే అది పడనివ్వండి.

రెండో మెట్టు: పావుగంట

రోజుకు 15 నిమిషాలు. అలారం పెట్టుకుని రాయండి, మోగగానే ఆపేయండి. ఇంకా రాయాలని ఉన్నా ఆపేయండి, ఆ ఊపు రేపటికి పనికొస్తుంది.

కొత్తగా సమయం వెతుక్కోవడం కష్టం. ఇప్పటికే రోజూ చేసే పనికి దీన్ని తగిలించండి. నేను పాపను స్కూలు బస్సు ఎక్కించి వచ్చి, రెండో కాఫీ పెట్టుకుని, వంటింటి గట్టు మీదే రాస్తాను. పొద్దున 8:10కి మొదలు, 8:25కి ముగింపు. ఆ తర్వాత ఆఫీసు హడావుడి. మీకు రాత్రి అన్నం తిన్నాక కుదురుతుందేమో, లంచ్ బాక్సు ముగించాక కుదురుతుందేమో చూసుకోండి.

పొద్దున మంచిదా, రాత్రి మంచిదా అంటే, అది మీ ఇబ్బందిని బట్టి ఉంటుంది. రాయడానికి విషయం దొరకడం లేదనుకునేవాళ్ళకు రాత్రి మేలు, ఆ రోజు చూసినవి ఇంకా పచ్చిగా ఉంటాయి. ఎవరేమనుకుంటారో అన్న భయం ఉన్నవాళ్ళకు పొద్దున మేలు. లేచిన వెంటనే, ఫోన్ చూడకముందు, ఆ గొంతులు ఇంకా మొదలవవు.

మూడో మెట్టు: పద్దు రాయడం

చిట్టాలో ప్రతి పద్దుకూ ఒక తీరు ఉంటుంది. మన పద్దుకూ ఒక తీరు పెట్టుకుందాం. మొదట తేదీ, చోటు. తర్వాత ఆ రోజు చూసినదో, విన్నదో, తిన్నదో ఒక్కటంటే ఒక్కటి. దాని గురించి అలారం మోగేదాకా చెయ్యి ఆపకుండా రాయడం. చివర్లో ఒక గీత గీసి, "ఆగింది" అని రాసి, బ్లాగు కోసం రాస్తున్నది ఎక్కడ ఆగిందో ఒక వాక్యం.

నా పుస్తకంలోంచి ఒక పద్దు, ఉన్నదున్నట్టుగా:

"మార్చి 4. వంటిల్లు. నిన్న సాయంత్రం నిజాంపేట రోడ్డులో బండి దగ్గర గోంగూర కొన్నాను. కట్ట పది రూపాయలు. కాడ ఆకుపచ్చగా ఉంది. అమ్మ ఉంటే కొననిచ్చేది కాదు. ఎందుకు కొననిచ్చేది కాదో నాకు నిజంగా తెలియదు. చిన్నప్పుడు కాడ చూసి వదిలేసేది. కాడ రంగు, కాడ రంగు, ఇంకేం రాయాలి, కాఫీ చల్లారింది, బండి అబ్బాయి ఆకుల మీద నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు, తూకం లేదు కట్టలే.
ఆగింది: పచ్చళ్ళ పోస్టు రెండో వాక్యం దగ్గర. గోంగూర గురించి అందరికీ తెలిసిందే రాస్తున్నాననిపించి ఆపేశాను."

మధ్యలో "కాడ రంగు, కాడ రంగు, ఇంకేం రాయాలి" అని ఉంది చూశారా. మాట రానప్పుడు వెనకటి మాటనే మళ్ళీ రాస్తూ పోవాలి, కలం ఎత్తకూడదు. ఇలా పది నిమిషాలు ఆపకుండా రాసే పద్ధతిని అమెరికాలో రాత నేర్పిన పీటర్ ఎల్బో 1973లో తన పుస్తకంలో వివరంగా చెప్పారు. రాసేవాడు, దిద్దేవాడు ఒకేసారి పనిలోకి దిగితే ఇద్దరూ ఒకరికొకరు అడ్డుపడతారన్నది దాని వెనకున్న ఆలోచన. దిద్దేవాడికి తర్వాత చాలా పని ఉంది, ఈ పావుగంట మాత్రం రాసేవాడిది.

కొట్టివేతలు వద్దు. ఈ నియమం కూడా కొట్లోంచే తెచ్చుకున్నాను. లెక్కల పుస్తకంలో తప్పు పడితే దాన్ని చెరపరు, దాన్ని సరిచేస్తూ కింద సవరణ పద్దు రాస్తారు. మీరూ అంతే చేయండి. రాసింది తప్పనిపిస్తే "పైన రాసింది సరికాదు, అసలు సంగతి ఇదీ" అని కొనసాగించండి. ఆ దిద్దుబాటు వాక్యాల్లోనే నాకు చాలాసార్లు మంచి ఆలోచనలు దొరికాయి. మొదట పైపైన అనుకున్నది ఒకటి, రెండోసారి ఆలోచించి ఒప్పుకున్నది ఇంకొకటి.

మొదటి వారంలో చాలామంది పద్దులు "మార్కెట్‌కు వెళ్ళాను, రద్దీగా ఉంది, అలసిపోయాను" అన్నట్టు ఉంటాయి. నావీ అలాగే ఉండేవి. పర్వాలేదు, కానీ అక్కడే ఆగిపోవద్దు. ఎంత ధర, ఏ రంగు, ఎవరు ఏమన్నారు, ఏ వాసన, ఎంతసేపు, ఇవి పడాలి. "మిర్చి యార్డు ఘాటుగా ఉంటుంది" అని రాస్తే రేపు అది మీకే ఉపయోగపడదు. "గేటు దగ్గరే ముక్కు మంట, లోపల తొడిమలు తీసే ఆడవాళ్ళు ముక్కుకు కొంగు కట్టుకుని కూర్చున్నారు" అని రాస్తే ఏడాది తర్వాత చదివినా తుమ్ము వస్తుంది. ఒక కొలత పెట్టుకోండి: పద్దులో కనీసం ఒక అంకె, ఒక పేరు, ఒక ప్రశ్న ఉండాలి. పై పద్దులో పది రూపాయలు, నిజాంపేట రోడ్డు, అమ్మ ఎందుకు కొననిచ్చేది కాదు అన్నవి ఉన్నాయి.

నాలుగో మెట్టు: ఆగిన చోటును పట్టుకోవడం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉందాం.

రాత ఆగిపోయిందని అందరం ఒకే మాట అంటాం. జ్వరం అన్నట్టే అది. జ్వరం టైఫాయిడ్ వల్ల వచ్చిందా, మలేరియా వల్ల వచ్చిందా తెలియకుండా మందు వేయలేం. ప్రతి పద్దు చివరా "ఆగింది" అన్న వాక్యం రాయమన్నది అందుకే. పది రోజులు రాశాక ఆ వాక్యాలన్నీ వరసగా చదవండి. వాటిని చదువుతూ ఈ ప్రశ్నలు వేసుకోండి. ఏ వాక్యం దగ్గర ఆగాను? ఆగిన వెంటనే ఏం చేశాను, ఫోన్ తీశానా, వేరే పని గుర్తొచ్చిందా? ఆ వాక్యం ఎవరు చదువుతారని అనుకున్నాను? తర్వాతి వాక్యం రాయాలంటే నాకు ఏం తెలియాలి?

నా పదకొండు డ్రాఫ్టులనూ ఇలా ఒక్కొక్కటిగా చూశాను. ఆరు డ్రాఫ్టుల్లో నాకు తెలియాల్సిన విషయమే తెలియదు. రుచి వర్ణించబోయి, అసలు ఆ పచ్చడి ఎలా చేస్తారో సగమే తెలిసి ఆగిపోయాను. మూడింట్లో భయం. అంతకుముందు ఒక పోస్టు చదివి మా చుట్టాల్లో ఒకరు "మన ఇళ్ళల్లో అలా చెయ్యరమ్మా" అన్నారు. ఆ తర్వాత ఏ వంట గురించి రాసినా ఆ గొంతే వినిపించేది. మిగిలిన రెండూ ఇప్పుడు నాకు ఇష్టం లేని విషయాలు. వాటిని సంతోషంగా తీసేశాను. నాలుగు నెలలుగా నాకు రాసే శక్తి పోయిందనుకున్నాను గానీ, ఆరుసార్లు నాకు కావాల్సింది అమ్మకు ఒక ఫోన్ కాల్.

ఏ ఇబ్బందికి ఏ పద్దు పనిచేస్తుందో నా అనుభవంలో తేలింది చెబుతాను.

విషయం తెలియక ఆగితే, ఆ రోజు పద్దు మొత్తం ప్రశ్నలతో నింపండి. కాడ ఆకుపచ్చగా ఉండే తెల్ల గోంగూరకు, కాడ ఎర్రగా ఉండే ఎర్ర గోంగూరకు తేడా ఏమిటి, ఎవరిని అడగాలి, ఎప్పుడు ఫోన్ చేయాలి. ప్రశ్న పక్కనే అడగాల్సిన మనిషిని కూడా రాసుకోండి. మరుసటి రోజు పద్దు ఆ జవాబే. ప్రయాణాల గురించి రాసేవాళ్ళకైతే జవాబు బస్ డిపోలో ఉండొచ్చు, చదువుల గురించి రాసేవాళ్ళకు లైబ్రరీలో ఉండొచ్చు.

చదివేవాళ్ళ భయంతో ఆగితే, ఉత్తరం రాయండి. మిమ్మల్ని ప్రేమగా వినే ఒక మనిషిని తలచుకుని, "పెద్దమ్మా, నిన్న ఏం జరిగిందంటే" అని మొదలుపెట్టండి. పంపక్కర్లేదు. ఒక గుంపు కోసం రాస్తున్నామనుకున్నప్పుడు బిగుసుకునే వాక్యం, ఒక మనిషితో చెప్పేటప్పుడు వదులవుతుంది. నేను పోస్టు అచ్చంగా ఉత్తరంలాగే రాసి, చివరికి పిలుపు మాత్రం తీసేసిన సందర్భాలున్నాయి.

విషయం మరీ పెద్దదై ఆగడం ఇంకో రకం. "మా అమ్మమ్మ ఇల్లు" అని శీర్షిక పెడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అప్పుడు ఒక్క గది, ఒక్క పూట, ఒక్క వస్తువు తీసుకోండి. అటక మీద ఉండే పచ్చడి జాడీని మే నెలలో ఆవకాయ రోజున ఎవరు దించేవారు, దాన్ని కడిగి ఎండలో ఎంతసేపు పెట్టేవారు, అంతే రాయండి. ఇల్లంతా దాని వెనకే వస్తుంది.

ఇక అలసట. ఆఫీసులో నెలాఖరు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదు. అప్పుడు మూడు వాక్యాలు చాలు. "అలసిపోయాను. ఇవాళ చూసింది ఇది. రేపు చూస్తాను." అలాంటి రోజున బలవంతంగా పోస్టు పూర్తిచేయాలని కూర్చోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అలసటతో రాసిన పోస్టు నచ్చక, దాన్ని చూసి మళ్ళీ భయపడే ప్రమాదం ఉంది.

ఇదంతా మన బ్లాగులకేనా అనుకోవద్దు. అమెరికన్ రచయిత జాన్ స్టెయిన్‌బెక్ 1938లో తన పెద్ద నవల "ది గ్రేప్స్ ఆఫ్ రాత్" రాస్తున్న నెలలన్నీ పక్కనే ఒక డైరీ కూడా రాశారు. పని మీద కూర్చోబుద్ధి కాకపోవడం, చుట్టుపక్కల గోల, తన మీద తనకు అపనమ్మకం, అన్నీ దాంట్లో పడ్డాయి. మే చివర్లో మొదలుపెట్టిన నవల అక్టోబరు చివరికి పూర్తయింది. అనుమానం డైరీలో ఉంటూనే ఉంది, నవల పేజీలు ముందుకు కదులుతూనే ఉన్నాయి.

అయిదో మెట్టు: రేపటి వాక్యం

అలారం మోగాక పుస్తకం మూసేముందు, రేపు రాయబోయే మొదటి వాక్యం కింద రాసి పెట్టండి. సగం వాక్యమైనా సరే. "కాడ ఎర్రగా ఉంటే అమ్మ" అని రాసి ఆపేయండి. రాత్రే పప్పు నానబెట్టి పడుకుంటే పొద్దున పిండి రుబ్బుకోవడమే మిగులుతుంది కదా, అలాంటిదే ఇది.

ఆరో మెట్టు: ఆదివారం ఆవర్జా

చాలామంది జర్నల్ రాస్తారు, మళ్ళీ తెరిచి చూడరు. నాకు తెలిసి జర్నల్ రాసి కూడా బ్లాగు కదలనివాళ్ళ ఇబ్బంది ఎక్కువగా ఇదే. చిట్టా రాసి ఆవర్జాలోకి ఎక్కించకపోతే కొట్లో ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలియదు. మన పుస్తకంలోనూ ఏ విషయం ఎంత పోగైందో తెలియదు.

వారానికి ఒకసారి, నాకైతే ఆదివారం మధ్యాహ్నం, అరగంట కూర్చోండి. ఆ వారం ఏడు పద్దులూ చదవండి. పెన్సిల్‌తో చదవండి, మీ వాక్యాలు బాగున్నాయా లేదా అని తీర్పు చెప్పకండి. మీకే ఆసక్తి పుట్టించిన వాక్యం కింద గీత గీయండి. తర్వాత పుస్తకం చివర వదిలేసిన పేజీల్లో ఖాతాలు తెరవండి. పేజీకో ఖాతా. నా ఆవర్జాలో మొదట తెరిచిన ఖాతాలు ఇవి: గోంగూర, అటక, నాన్న కొట్టు, అద్దె ఇళ్ళ వంటగదులు, మాటలు. మాటలు అన్న ఖాతాలో విన్న సంభాషణలు, మా వైపు పలుకుబళ్ళు వేసుకుంటాను.

గీత గీసిన ప్రతి వాక్యాన్నీ దాని ఖాతాలో మూడు నాలుగు మాటల్లో రాసి, పక్కన చిట్టా పేజీ నంబరు వేయండి. "అమ్మ కాడ చూసేది, 11." అలాగే చిట్టా పేజీ అంచున ఆవర్జా పేజీ నంబరు వేయండి. లెక్కల పుస్తకంలో దీనికి ప్రత్యేకంగా ఒక వరసే ఉంటుంది, ఆవర్జా పుట సంఖ్య అని. ఆ నంబరు పడిందంటే ఆ పద్దు ఎక్కించినట్టు. మొదటి రోజు పేజీలకు నంబర్లు వేయమన్నది ఇందుకే.

మూడు నాలుగు వారాలకు ఒక సంగతి గమనిస్తారు. మీరు ఏ విషయాల మీద రాయాలని అనుకుంటున్నారో అవి ఒకటి, ఆవర్జాలో నిజంగా నిండుతున్నవి ఇంకొకటి. నేను పండగ వంటల మీద సిరీస్ రాయాలని పట్టుదలగా ఉన్నాను. ఆ ఖాతాలో రెండే పద్దులు పడ్డాయి. "అద్దె ఇళ్ళ వంటగదులు" అన్నదాంట్లో పద్నాలుగు పడ్డాయి. హైదరాబాదు వచ్చాక మారిన అయిదు ఇళ్ళు, ఒకదాంట్లో కిటికీ లేదు, ఒకదాంట్లో గట్టు నా నడుము కన్నా కిందికి ఉంది, ఇంకోదాంట్లో ఇంటివాళ్ళు చేపలు వండొద్దన్నారు. నా మనసు దేని చుట్టూ తిరుగుతోందో ఆ పేజీ చూశాకే తెలిసింది. నిండిన ఖాతా మీదే రాయండి. ఖాళీ ఖాతా మీద పట్టుదలకు పోతే రాత మళ్ళీ ఆగుతుంది.

ఏడో మెట్టు: చిత్తు నుంచి సాపు

ఒక ఖాతాలో కనీసం మూడు పద్దులు పడ్డాక పోస్టు రాయడానికి కూర్చోండి. గోంగూర ఖాతాలో నాకు పడినవి ఇవి. మార్చి 4న బండి దగ్గర ఆకుపచ్చ కాడ, అమ్మ ఎందుకు కొననిచ్చేది కాదన్న ప్రశ్న. మార్చి 9న అమ్మకు ఫోన్: తెల్ల గోంగూర పప్పులోకి, ఎర్ర గోంగూర పచ్చడిలోకి, ఎర్రదానికి పులుపు ఎక్కువ. మార్చి 17న నేను తెల్ల గోంగూరతోనే పచ్చడి చేసి, పులుపు చాలక కాస్త చింతపండు కలిపిన సంగతి.

ఈ మూడింటినీ వేరు కాగితం మీద వరసగా పెట్టండి. ఒక ప్రశ్న, దానికి దొరికిన జవాబు, ఆ తర్వాత నేను చేసి చూసింది. పోస్టుకు వెన్నెముక దొరికినట్టే. ఉపోద్ఘాతం కోసం తడుముకోకండి. మొదటి పద్దులో బండి దగ్గర నిలబడ్డ చోటే మొదలుపెట్టండి. నేను మొదట "గోంగూర ఆంధ్రుల జీవితంలో భాగం" అని మొదలుపెట్టి నెలల తరబడి ఆగిపోయాను. ఆ వాక్యం ఎవరైనా రాయగలరు, దాని తర్వాత నేను చెప్పేదేమీ లేదు. "నిన్న పది రూపాయలకు ఒక కట్ట గోంగూర కొన్నాను, అమ్మ ఉంటే కొననిచ్చేది కాదు" అని మొదలుపెట్టాక పోస్టు రెండు గంటల్లో పూర్తయింది.

సాపు రాసేటప్పుడు చిట్టా పక్కనే తెరిచి ఉంచండి, కానీ దాన్ని ఎక్కడికక్కడ ఎత్తి రాయకండి. పద్దు ఒకసారి చదివి, మూసి, మళ్ళీ చెప్పండి. గుర్తున్నదే పోస్టులో ఉండాల్సింది. ధర, తేదీ, ఎవరన్నా అన్న మాట, ఇలాంటివి మాత్రం తెరిచి సరిచూసుకోండి, వీటిలో జ్ఞాపకాన్ని నమ్మకూడదు. మొదటి సాపులో పొరపాట్లు ఉంటాయి. ఒక రాత్రి గడిచాక పైకి చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం పొడవైందని అర్థం, అక్కడ విడగొట్టండి. దిద్దేవాడికి ఇప్పుడు పూర్తి స్వేచ్ఛ.

ఎనిమిదో మెట్టు: బయటికి రాకూడనివి

చిట్టాలో అన్నీ పడతాయి. అత్తగారి మీద కోపం, పక్కింటివాళ్ళ గొడవ, స్నేహితురాలు నమ్మి చెప్పిన కష్టం. పడనివ్వండి, ఎవరికీ చూపించని పుస్తకం కాబట్టే అక్కడ చెయ్యి ఆగదు. కానీ ఇంకొకరి జీవితానికి సంబంధించిన పద్దు అంచున ఒక చుక్క పెట్టండి. చుక్క ఉన్న పద్దు ఆవర్జాలోకి వెళ్ళకూడదు. రాయక తప్పదనిపిస్తే ఆ మనిషిని అడిగి, ఒప్పుకుంటేనే రాయండి. పేరు మార్చేస్తే చాలని అనుకుంటాం, కానీ మన ఊళ్ళల్లో వంటింటి గట్టు వర్ణించినా అది ఎవరి ఇల్లో గుర్తుపట్టేస్తారు. పుస్తకం ఇంట్లో అందరికీ అందే చోట పెట్టకండి. ఇంట్లోవాళ్ళకు "ఇది నా చిత్తు, దయచేసి తెరవొద్దు" అని ముందే చెప్పేయండి.

మనసులో బరువైన విషయం ఏదో ఉండి, దానివల్లే మిగతావేవీ రాయలేకపోతున్నామని కొన్నిసార్లు అనిపిస్తుంది. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ప్రచురించిన ఒక పరిశోధనలో, విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ బాధాకరమైన అనుభవాల గురించి రాయించారు. రాసిన వెంటనే వాళ్ళ మనసు బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. అది రాత ఆగిపోవడం మీద చేసిన పరిశోధన కాదు. అయినా అలాంటి విషయం రాయాలనుకుంటే, రాశాక కాసేపు భారంగా ఉంటుందని తెలిసి, వెంటనే ఆఫీసుకు పరుగెత్తాల్సిన రోజు కాకుండా తీరికున్న రోజు చూసుకుని రాయండి.

రాయని రోజులు, రాయలేని రోజులు

నాలుగు రోజులు తప్పిపోతే ఆ నాలుగు పద్దులూ గుర్తు తెచ్చుకుని పూడ్చాల్సిన అవసరం లేదు. ఇవాళ్టి తేదీ వేసి మొదలుపెట్టండి. ఖాళీ పేజీలు వదలొద్దు, వాటిని చూస్తే తప్పు చేసినట్టనిపిస్తుంది. నేను వరుసగా పంతొమ్మిది రోజులు మానేసి మళ్ళీ మొదలుపెట్టాను, ఆవర్జాలోని ఖాతాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రాయాలనే కాదు, తినాలని, మాట్లాడాలని, ఇష్టమైన పని ఏదీ చేయాలని అనిపించకుండా రెండు వారాలు దాటితే, అది రాతకు సంబంధించిన ఇబ్బంది కాకపోవచ్చు. నోట్‌బుక్ మీద ఆ భారం వేయకండి. డాక్టరును కలవండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

పుస్తకం నిండినప్పుడు

రోజుకో పేజీ చొప్పున 200 పేజీల పుస్తకం ఆరు నెలల దాకా వస్తుంది. నిండాక పారేయకండి, అట్ట మీద మొదటి తేదీ, చివరి తేదీ రాసి దాచండి.

కొత్త పుస్తకం మొదలుపెట్టేటప్పుడు నాన్న మొదటి పేజీ పైన "తెచ్చిన నిల్వ" అని రాసి, పాత పుస్తకంలో మిగిలిన మొత్తాలు వేసేవారు. మీరూ అలాగే ఆవర్జాలో ఇంకా పోస్టు కాని ఖాతాలను, వాటి పాత పేజీ నంబర్లతో కొత్త పుస్తకం మొదటి పేజీలోకి దించుకోండి. నా మూడో పుస్తకం మొదటి పేజీలో ఇప్పుడున్నవి ఇవి:

తెచ్చిన నిల్వ.
కిటికీ లేని వంటిల్లు, ఆరు పద్దులు.
తేజ మిర్చికి, 334 మిర్చికి అమ్మ కారం పట్టించడంలో తేడా, మూడు పద్దులు, ఇంకా ఒకసారి ఫోన్ చేయాలి.
నాన్న చేతిరాత, ఒక పద్దు.